నీచత్వం : కొన్ని ఇంగ్లీషు మాటలు

రెండేళ్ళ క్రితం మా కళాశాలలో ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు తులనాత్మక సాహిత్యం పాఠంలో 'ఒథెల్లో' చెప్పవలసి వచ్చింది. నేను ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి కాను. అయినా నాటకం శ్రద్ధగా చదివి, విద్యార్థుల సౌకర్యం కోసం ఏడెనిమిది పేజీల సంగ్రహం తెలుగులో రాసి ఇచ్చాను. అందులో ఇయాగోను ప్రవేశపెడుతూ "పరమ నీచుడు" అని రాశాను. అంతకంటె సులువైన మాట ఆ పూట నాకు తోచలేదు. పాఠం అయిపోయిన తర్వాత వెనక బల్ల మీదినుంచి ఒక విద్యార్థి లేచి, "సార్, నీచుడంటే ఇక్కడ తక్కువవాడనా, చెడ్డవాడనా?" అని అడిగాడు. ఒకరిద్దరు నవ్వారు. అడిగినవాడు నవ్వలేదు. "చెడ్డవాడనే" అన్నాను. "మా ఊళ్ళో మమ్మల్ని కూడా అదే మాట అంటారు సార్" అని కూర్చున్నాడు.

ఆ గంటలో నేనతనికి సరైన సమాధానం చెప్పలేకపోయాను. నీచ శబ్దానికి మొదటి అర్థం కింద వున్నది అని మాత్రమే. జ్యోతిష్కులు గ్రహాలకు చెప్పే ఉచ్చ నీచ స్థానాల్లో ఇప్పటికీ ఆ అర్థమే వుంది. కింద వున్నది చెడ్డది ఎప్పుడయింది, ఎవరు చేశారు అన్నది ప్రశ్న. ఇది సంస్కృతం చేసిన అన్యాయమనీ, వర్ణవ్యవస్థ పుట్టిన దేశం కాబట్టి ఇక్కడే ఇలా జరిగిందనీ అనుకుని, ఇంగ్లీషులో ఇయాగో లాంటివాణ్ణి ఏమంటారో చూద్దామని నిఘంటువులు ముందు వేసుకున్నాను. చూడగా చూడగా నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

ముందు ఏ గుణాన్ని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఇది వట్టి క్రూరత్వం కాదు, వట్టి లోభం కూడా కాదు. తనకు పైసా లాభం లేకపోయినా, ఒక్కోసారి తనకు నష్టమైనా సరే, ఎదుటివాడికి చెడు జరగాలని కోరే బుద్ధి. ఎదుటివాడికి రెండు కళ్ళూ పోవాలని తన కన్నొకటి పోగొట్టుకున్నవాడి కథ మన వాళ్ళందరికీ తెలుసు. ఈ బుద్ధికీ, దీని చుట్టుపక్కల వుండే పిసినిగొట్టుతనానికీ, ఓర్వలేనితనానికీ, చిల్లర పగలకూ ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. వాటిలో అన్నిటికంటె వాడుకలో వున్నది 'మీన్'. బొమ్మ పంచుకోని పిల్లవాణ్ణి తోటిపిల్లలు అనే మాట అది. జీతం ఎగవేసే యజమానిని పనివాళ్ళు అనే మాట కూడా అదే.

ఈ 'మీన్' గణితంలో సగటుకు వాడే మీన్ కాదు, అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన వేరే మాట. ఇది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. పాత రూపం 'గెమేనె'. దాని అర్థం ఉమ్మడి. అందరికీ చెందినది, పదిమందిదీ అయినది. జర్మన్ భాషలో 'గెమైన్' దీని తోబుట్టువు. లాటిన్లో 'కొమ్మూనిస్' దీని దాయాది. అంటే ఇంగ్లీషులో ఉమ్మడి అనే అర్థమిచ్చే 'కామన్', ఫ్రెంచివాళ్ళ 'కమ్యూన్', మనందరం ఎరిగిన 'కమ్యూనిజం', పిసినారిని తిట్టే 'మీన్' మూలంలో ఒకే కుటుంబం. ఈ సంగతి తెలిసిన రోజున నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు నిలవలేదు. పదిమందిదీ అయినది కాలక్రమాన మామూలుది అయింది. మామూలుది నాసిరకం అయింది. నాసిరకం మనిషి అంటే నాసిరకం పుట్టుక పుట్టినవాడయినాడు. చివరికి నాసిరకం బుద్ధి గలవాడయినాడు. జర్మన్ మాట కూడా దాదాపు ఇదే దారిన నడిచి ఈనాడు నీచం అనే అర్థంలో వుంది. పంచుకునేదానికి పేరైన మాట పంచుకోనివాడికి పేరు కావడం కంటె విచిత్రం వుంటుందా?

'విలన్' చరిత్ర మనలో చాలామంది విన్నదే, కాని వివరంగా చెప్పుకోవడం మంచిది. లాటిన్లో 'విల్లా' అంటే పల్లెపట్టున వుండే పెద్ద భూవసతి. దానికి కట్టుబడి వుండే సేద్యగాడు 'విల్లానుస్'. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. 20 ఏళ్ళ తర్వాత 1086లో వాళ్ళ రాజు దేశంలోని భూమినీ పశువుల్నీ మనుషుల్నీ లెక్క రాయించాడు. 'డూమ్స్‌డే' గ్రంథమని పేరు పడ్డ ఆ లెక్కల్లో అన్ని తరగతులకంటె ఎక్కువ సంఖ్యలో కనిపించేది ఈ విల్లానులే. దొర అనుమతి లేకుండా ఊరు విడిచిపోకూడదు. కూతురి పెళ్ళి చెయ్యాలంటే దొరకు రుసుం కట్టాలి. దొర పొలంలో వారానికిన్ని రోజులని వెట్టి చెయ్యాలి. 1381లో రైతులు తిరగబడి లండన్ దాకా నడిచి వెళ్ళినప్పుడు వాళ్ళడిగిన కోరికల్లో మొదటి వరసలోది ఈ దాస్యం రద్దు కావాలనే. 14 ఏళ్ళ రాజు రెండో రిచర్డ్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, నాయకుడు వాట్ టైలర్ హతుడైన తర్వాత ఇచ్చిన పత్రాలన్నీ రద్దు చేశాడు. మాట ఇచ్చి తప్పినవాడు రాజు. అయితే మాట తప్పేవాడికీ, నమ్మించి గొంతు కోసేవాడికీ ఇంగ్లీషులో స్థిరపడ్డ పేరు మాత్రం ఆ రైతు పేరు. తర్వాత్తర్వాత వెట్టివాడికి ఒక వర్ణక్రమమూ దుర్మార్గుడికి ఒక వర్ణక్రమమూ ఏర్పడి, రెండూ వేరువేరు మాటలన్నట్టు కనిపించడం మొదలుపెట్టాయి.

'చర్ల్' కథా అంతే. నార్మన్లు రాకముందు 'చెఒర్ల్' అంటే స్వతంత్రుడైన సామాన్య రైతు. వెసెక్స్ రాజ్యపు చట్టంలో అతణ్ణి చంపితే కట్టవలసిన పరిహారం 200 షిల్లింగులు, పెద్దమనిషిని చంపితే 1200. ఆరో వంతు విలువైనా విలువంటూ వుండేది. నార్మన్ల కింద అదీ పోయింది. మాట మొరటువాడికీ పిసినారికీ పేరుగా మిగిలింది. 'నేవ్' అంటే మొదట కుర్రవాడు, తర్వాత పనికుర్రవాడు, ఆ తర్వాత మోసగాడు. 'బూర్' అంటే డచ్చివాళ్ళ భాషలో సేద్యగాడు. 'బేస్' అంటే పొట్టిది, కిందిది. ఇలా ఎన్నయినా చెప్పవచ్చుగాని, ఇవతలి వరస కూడా చూస్తే చాలు. ఉదారుడికి ఇంగ్లీషులో పేరు 'జెనెరస్', అంటే మంచి వంశంలో పుట్టినవాడు. 'లిబరల్', అంటే బానిస కానివాడు. 'జెంటిల్', అంటే కులం గలవాడు. 'నోబుల్' సంగతి చెప్పనక్కరలేదు. ఇచ్చే గుణమంతా గడీలో, ఇవ్వని గుణమంతా గుడిసెలో!

దీనికొక జవాబున్నది. సి.ఎస్. లూయిస్ 1960లో 'స్టడీస్ ఇన్ వర్డ్స్' అనే గ్రంథంలో ఈ పరిణామాన్ని చర్చించాడు. అంతస్తును చెప్పే మాటలు నీతిని చెప్పే మాటలు కావడం కేవలం పెద్దవాళ్ళ అహంకారం వల్లనే కాదంటాడాయన. ఫలానా అంతస్తు గలవాడికి ఫలానా నడవడి తగునని జనం అనుకుంటారు. ఆ నడవడి అంతస్తున్నవాడిలో లేకపోవడమూ, లేనివాడిలో వుండడమూ చూస్తారు. అప్పుడు మాట అంతస్తును వదిలి గుణాన్ని పట్టుకుంటుంది. అంటే మాట విడుదల పొందుతుందన్నమాట. లూయిస్ మన దారివాడు కాదు. అంతమాత్రాన ఆయన చెప్పినది తోసిపుచ్చగూడదు. 'జెంటిల్' విషయంలో ఇది నిజమే, ఈనాడు కూలిమనిషిని కూడా ఆ మాటతో మెచ్చుకోవచ్చు. కాని 'మీన్' విషయంలో ఆయన అడగని ప్రశ్న ఒకటుంది. విల్లాను గింజలు దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడు? వచ్చే పంట దాకా బతకాలి గనక. దొర గింజలు పంచాడు. ఎక్కడివి పంచాడు? విల్లాను కొలిచినవి పండుగనాడు గుప్పెడు పంచాడు. ఇద్దరి నడవడినీ పక్కపక్కన పెట్టి, గింజలెక్కడినుంచి వచ్చాయో అడక్కుండా పేర్లు పెడితే ఒకడు 'మీన్' అవుతాడు, ఒకడు 'జెనెరస్' అవుతాడు. నడవడి అబద్ధం కాకపోవచ్చు, దానికి పెట్టిన పేరు అబద్ధం.

అంతకుముందే 1887లో నీషే 'నీతి వంశావళి'లో ఈ సంగతిని పట్టుకున్నాడు. జర్మన్లో చెడ్డ అనే అర్థమిచ్చే 'ష్లెహ్ట్', సాదా అనే అర్థమిచ్చే 'ష్లిహ్ట్' ఒకటేననీ, మంచి చెడ్డల పేర్లు మొదట పెట్టినవాళ్ళు పెద్దవర్గంవాళ్ళేననీ ఆయన అన్నాడు. ఇంతవరకు మార్క్సిస్టు కూడా కాదనలేడు. కాని అక్కణ్ణుంచి ఆయన దొరల పక్షాన నిలబడ్డాడు. కుళ్ళూ, కడుపుమంటా, తీర్చుకోలేక లోపలే కాపుపెట్టుకునే పగా బలహీనుడి జబ్బులన్నాడు. బలవంతుడికి అవి వుండవట, వున్నా వెంటనే తీరిపోతాయట.

నీషేకు నేను చెప్పే సమాధానం ఇంగ్లీషులోనే వుంది. 'స్పైట్' అనే మాట చూడండి. దాని పాత రూపం 'డెస్పైట్'. ఫ్రెంచి మీదుగా లాటిన్ దాకా వెళితే దాని మూలం కిందికి చూడడం, చులకనగా చూడడం. పైన కూర్చున్నవాడే కిందికి చూడగలడు. 'స్పైట్' పుట్టింది మేడమీద. మరి గుడిసెలో పుట్టినదేది? 'గ్రడ్జ్'. ఇవాళ దానికి పాతకక్ష అని అర్థం చెబుతాం. మొదటి అర్థం సణగడం, గొణగడం. పైకి అనలేనివాడు చేసేది గొణుగుడు. వెట్టికి పిలిస్తే గొణుగుతూ వెళ్ళినవాడి గొంతు ఆ మాటలో వుంది. న్యాయమైన ఫిర్యాదుకు పేరైన మాట దుర్బుద్ధికి పేరైపోయింది.

అంతస్తుతో సంబంధం లేకుండా ఒంట్లోంచి పుట్టిన మాటలు కూడా ఇంగ్లీషులో లేకపోలేదు. 'రాంకర్' అంటే కుళ్ళు కంపు. 'స్ప్లీన్' అంటే ప్లీహం. వీటిని చదువుతుంటే మన జనం మాటలు గుర్తొస్తాయి. కుళ్ళు, కడుపుమంట, ఏడుపు, కళ్ళలో నిప్పులు పోసుకోవడం. ఇవి ఏ కులాన్నీ పట్టుకుని పుట్టలేదు. దొర కడుపూ మండుతుంది, పాలేరు కడుపూ మండుతుంది. పేదవాడిలో ఈ గుణం లేదని నేననడం లేదు. గెనెం మీద జానెడు చోటు కోసం అన్నదమ్ములు పదేళ్ళు పలకరించుకోకపోవడం పల్లెల్లో పుట్టినవాళ్ళందరం చూశాం. మన అభ్యుదయ కథల్లో పేదవాళ్ళందరూ వెన్నపూసలు, డబ్బున్నవాళ్ళందరూ విషసర్పాలు. అది కూడా ఒకరకంగా అంతస్తును చూసి గుణం రాయడమే, తలకిందులుగా.

సాహిత్యానికి వద్దాం. 'కింగ్ లియర్'లో ఎడ్మండ్ అక్రమ సంతానం. నాటకం తెర లేవగానే అతని తండ్రి గ్లోస్టర్ ప్రభువు, కొడుకు పక్కన నిలబడి వుండగానే, వాడి పుట్టుకను గురించి మరొక ప్రభువుతో పరాచికాలాడతాడు. 'స్పైట్' ధాత్వర్థానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. తర్వాతి రంగంలో ఎడ్మండ్ ఒంటరిగా నిలబడి తన్నెందుకు 'బేస్' అంటారని అడుగుతాడు. అప్పటికింకా అతనే పాపమూ చెయ్యలేదు. పేరు ముందు వచ్చింది, పని తర్వాత వచ్చింది. ఆ తర్వాత అతను చేసే ఘోరాలకు ఈ ఒక్క కారణమే చాలునని చెప్పలేం. కాని షేక్స్‌పియర్ రంగాల వరసను అలా పెట్టడం కాకతాళీయమని కూడా నేననుకోను.

ఇయాగో విషయం ఇంకా చిక్కు. 1623లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకాల సంపుటంలో 'ఒథెల్లో' చివర పాత్రల పట్టిక వుంది. అందులో ఇయాగో పేరు పక్కన 'ఒక విలన్' అని వుంది. కొలువులో అతని హోదా అక్కడ కనిపించదు. నాటకం లోపల మాత్రం అందరూ అతణ్ణి 'ఆనెస్ట్' అనే పిలుస్తారు. విలియం ఎంప్సన్ 1951లో లెక్కపెట్టి, ఆ మాటా దాని రూపాంతరమూ కలిసి నాటకంలో 52 సార్లు వచ్చాయని చూపించాడు. అంతటితో ఆగక, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను ఆ మాట అన్నప్పుడు అందులో కొంత చులకన వుంటుందని కూడా చూపించాడు. 'పాపం నమ్మకస్తుడు' అని మనం పనివాణ్ణి గురించి అనడం లాంటిదన్నమాట. పదోన్నతి తనకు రాకుండా యుద్ధం తెలియని కాసియోకు పోయిందని ఇయాగో మొదటి రంగంలోనే చెబుతాడు. కోల్‌రిడ్జ్‌కు ఇతని దుష్టత్వానికి కారణం కనిపించలేదు, కారణాలు వెతుక్కుంటూ తిరిగే దుష్టత్వమనిపించింది. ఇచ్చిన కారణాలకూ చేసిన పనికీ పొంతన లేదన్నంతవరకు కోల్‌రిడ్జ్ చెప్పింది ఒప్పే. ఎంప్సన్‌ను చదివిన తర్వాత మాత్రం నాకు ఆ 52 పలకరింపులు కారణంలో భాగంగానే వినిపిస్తున్నాయి. దీనివల్ల ఇయాగో నేరం వీసమెత్తు తగ్గదు. డెస్డిమోనా అతనికేం చేసింది?

డికెన్స్ దగ్గర రెండు దారులూ వున్నాయి. 1843లో 'క్రిస్మస్ కేరల్'లో స్క్రూజ్‌ను సృష్టించినప్పుడు ఆయన వెయ్యేళ్ళ పద్ధతిని తిరగేశాడు. గుమాస్తాకు బొగ్గులు కూడా సరిగా ఇవ్వని వ్యాపారి పేరు ఇంగ్లీషులో పిసినారికి సామాన్య నామమైంది. మొదటిసారి యజమాని పేరు తిట్టయింది. కాని 1849, 1850ల్లో అచ్చయిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో యురయా హీప్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి తడబడింది. హీప్ చిన్న గుమాస్తా. చెమ్మగిల్లిన చేతులు, ఎర్రజుట్టు, ఎప్పుడూ తానెంత అణకువ గలవాడో చెప్పుకునే నోరు. లోపలంతా విషం. డేవిడ్ అతణ్ణి చెంపదెబ్బ కొట్టినప్పుడు పాఠకుడికి సంతోషం కలిగేటట్టే డికెన్స్ రాశాడు. అయినా ఆయన గొప్ప రచయిత కాబట్టి ఒకచోట హీప్ చేత నోరు విప్పించాడు. ధర్మపాఠశాలలో తనకూ తన తండ్రికీ నేర్పిన చదువంతా అణిగిమణిగి వుండడమేనంటాడు హీప్. ఆ ఒక్క పేజీలో నీషేకు ముందే నీషేకు జవాబుంది. వంగి దణ్ణం పెట్టడం తప్ప మరేదీ నేర్పనివాళ్ళు, ఆ వంగినవాడి కళ్ళలో ఏముందో చూసి ఆశ్చర్యపోవడం దేనికి? కాని నవల ఆ పేజీ దగ్గర ఆగదు. హీప్‌ను జైలుకు పంపి, అక్కడ కూడా అతణ్ణి నవ్వులపాలు చేసి ముగిస్తుంది. స్క్రూజ్‌కు దయ్యాలు వచ్చి బుద్ధి చెబుతాయి, పశ్చాత్తాపానికి ఒక రాత్రి దొరుకుతుంది. హీప్‌కు అది లేదు. డికెన్స్‌ను మానవతావాది అని పరీక్షల్లో నాలుగు మార్కులకు రాసే మన విద్యార్థులు ఈ తేడాను గురించి ఒక్క వాక్యమైనా రాస్తే బాగుండును.

ఆడవాళ్ళ సంగతి వేరే వ్యాసమే రాయదగినది. 'ష్రూ' అంటే చుంచెలుక లాంటి చిన్న జంతువు. మొదట మగవాణ్ణి కూడా అనేవాళ్ళు, పోనుపోను ఆడదానికే మిగిలింది. 'విక్సెన్' ఆడనక్క. చిల్లర ద్వేషానికి 'కేటీ' అన్న మాట వుంది, పిల్లి బుద్ధి అని, అదీ ఎక్కువగా ఆడవాళ్ళనే. మన గయ్యాళికి పుంలింగం లేకపోవడం ఇలాంటిదే. ఇంట్లో తప్ప ఎక్కడా అధికారం లేనివాళ్ళ కోపానికి జంతువుల పేర్లు దొరికాయి.

మన పక్షంలో కూడా ఒక మాట వుంది, దాన్ని దాటిపోతే నిజాయితీ కాదు. 'పెటీ బూర్జువా'. మార్క్స్ ఎంగెల్సులు జర్మన్లో వాడిన మాటకు అర్థం చిన్న పట్టణవాసి, చిన్న ఆస్తిపరుడు. అది ఉత్పత్తి సంబంధాల్లో ఒక స్థానానికి పేరు, గుణానికి కాదు. 1888లో శామ్యూల్ మూర్ చేసిన 'కమ్యూనిస్టు ప్రణాళిక' ఇంగ్లీషు అనువాదంలో అది 'పెటీ' అయింది. చిన్న అనే అర్థంగల ఫ్రెంచి మాటే అది. కాని ఇంగ్లీషులో దానికి అప్పటికే చిల్లరబుద్ధి అనే రంగు అంటుకుని వుంది. మనం ఆ రంగుతోనే దిగుమతి చేసుకున్నాం. తోటి రచయిత కథ నచ్చకపోతే, సభలో తనకంటె ముందు అతణ్ణి మాట్లాడనిస్తే, పెటీ బూర్జువా అన్నాం. నేనూ అన్నాను, అచ్చులోనే అన్నాను. ఒక కవి సంపుటాన్ని సమీక్షిస్తూ ఆ మాట వాడినప్పుడు నాలో వున్నది వర్గవిశ్లేషణ కాదు, అతని పుస్తకం నా పుస్తకం కంటె ముందు వచ్చిందన్న ఏడుపు. అంతస్తు పేరును గుణం పేరుగా మార్చే పని దొరలొక్కరే చెయ్యలేదు.

పెట్టిన పేరు శాశ్వతమేమీ కాదు. 18వ శతాబ్దం చివర 'స్నాబ్' అంటే ఇంగ్లీషులో చెప్పులు కుట్టేవాడు. కేంబ్రిడ్జి విద్యార్థులు ఊళ్ళోవాళ్ళందర్నీ ఎగతాళిగా ఆ పేరుతో పిలిచేవాళ్ళు. 1848లో థాకరే 'బుక్ ఆఫ్ స్నాబ్స్' పుస్తకంగా వచ్చేనాటికి ఆ వేలు తిరిగి, పెద్దల్ని అనుకరిస్తూ కిందివాళ్ళను చులకన చేసేవాడి మీదికే మళ్ళింది. 'విలన్' ఇంకా పెద్ద ప్రయాణం చేసింది. ఓడెక్కి మన దేశానికి వచ్చి తెలుగు మాటయింది. 1955లో 'రోజులు మారాయి' చూసిన రైతుకూలీ బయటికి వచ్చి విలన్ అన్నాడంటే ఎవర్నన్నాడు? రైతుల్ని వేధించే భూస్వామిని. వెట్టివాడి పేరు తొమ్మిది వందల ఏళ్ళు తిరిగి దొర మెడకు చుట్టుకుంది. ఈ మలుపు ఏ భాషాసంఘమూ తీర్మానం చేసి తెచ్చినది కాదు. రైతు ఉద్యమాలు తెచ్చిన మార్పు సినిమాకెక్కింది, సినిమా మాటను మార్చింది. అయితే మన 'చండాలం'కు మాత్రం ఇప్పటికీ అలాంటి మలుపు రాలేదు. కూర బాగా లేకపోయినా, దస్తూరీ బాగా లేకపోయినా ఒక కులం పేరెత్తి తిడుతున్నామన్న ఎరుక లేకుండా, చదువుకున్నవాళ్ళం, సభల్లో ఉపన్యాసాలిచ్చేవాళ్ళం కూడా ఆ మాటను వాడుతూనే వున్నాం.

ఈ ఏడు మళ్ళీ 'ఒథెల్లో' పాఠం వచ్చింది. పాత సంగ్రహం తిరగరాస్తూ 'నీచుడు' దగ్గర ఆగిపోయాను. దుష్టుడంటే సరిపోదు, దుర్మార్గుడంటే అసలే సరిపోదు. అదే వారంలో ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థి ధ్రువపత్రాల పని మీద కళాశాలకు వచ్చాడు. ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్షకు చదువుతున్నాడట. "ఇయాగోను నువ్వయితే ఏమంటావయ్యా?" అని అడిగాను. కొంచెం ఆలోచించి, "కుళ్ళుబోతు అంటాను సార్. తనకు రావలసిన ఉద్యోగం ఇంకొకరికి పోయింది కదండీ, అక్కడ కుళ్ళడం మొదలయింది" అన్నాడు.

అలాగే రాశాను. పంచేముందు ఒకసారి చూడమని మా శాఖలో ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివి, రెండు అచ్చుతప్పులు దిద్ది, 'కుళ్ళుబోతు' కింద గీత గీసి, పక్కన పెన్సిలుతో 'గ్రామ్యం' అని రాసి పంపించారు. గ్రామ్యం అంటే ఊరివాడి మాట. విల్లా నుంచి విలన్ వచ్చినట్టు గ్రామం నుంచి వచ్చింది. గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే భాష కోసం పోరాడినన్నాళ్ళూ ఎదుటిపక్షంవాళ్ళు ఆయన మీద విసిరిన రాయి ఇదే. పెద్దాయన దిద్దిన అచ్చుతప్పులు రెండూ సరిచేసి, గీత గీసిన మాటను అలాగే వుంచి, కాగితాలు జిరాక్సుకు పంపించాను.